లోతున పేర్చిన ఇనుప గొట్టాలు

నూజివీడు చుట్టుపక్కల ఏ మామిడితోటలో నిలబడి అరచెయ్యి చాపినా, నిమిషానికి వందకు అటూ ఇటూగా మ్యూవాన్లు దాన్ని దాటుకుని నేలలోకి పోతుంటాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పైవాతావరణంలో గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. ఆకునీ కాయనీ మానునీ దాటి, అడుగున మట్టిలోకి కూడా చాలా లోతుకు దిగుతాయి. మన బతుక్కి వీటితో పేచీ లేదు. వీటికన్నా ఎన్నో రెట్లు అరుదైన కణాన్ని వెతికేవాళ్లకు మాత్రం ఇది ఎడతెగని రొద. సంతలో నిలబడి చీమ నడక వినాలనుకున్నట్టుంటుంది వాళ్ల అవస్థ. ఆ రొద చేరని చోటు కావాలంటే భూమిలోకి దిగాలి. మన దగ్గర అంత లోతుకు మనుషులు దిగిన చోటు ఒక్కటే, కోలారు బంగారు గనులు.

కణభౌతికశాస్త్రం, విశ్వశాస్త్రం కలిసే చోటు అనగానే జెనీవా సొరంగమో, హవాయి కొండమీది దూరదర్శినో గుర్తొస్తుంది. చిత్తూరు సరిహద్దు దాటగానే, తెలుగు ఇంటింటా వినిపించే కోలారు జిల్లాలో అలాంటి పని నలభై ఏళ్లపాటు సాగిందని మా నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో! కేజీఎఫ్ అంటే వాళ్లకు సినిమా తెలుసు. అక్కడ పేర్చిన ఇనుప గొట్టాల గురించి కూడా తెలియాలని నా కోరిక. దక్షిణ భారతంలో ఈ వందేళ్లలో తయారైన శాస్త్ర పరికరాల్లో పనితనం చూసి మురిసిపోదగ్గది ఏదని ఎవరైనా అడిగితే నేను ముందుగా వాటినే చూపిస్తాను.

ముందు ఆ రాయి సంగతి. కోలారు శిలాపట్టీ కర్ణాటకలోనే ఆగిపోదు. దక్షిణంగా మన చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తంలో బంగారం తవ్వింది ఈ పట్టీలోనే. ఆ రాయి గట్టిదే కాదు, బరువైంది కూడా. మామూలు రాయి ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములుంటే ఇది సుమారు 3 గ్రాములు తూగుతుంది. మ్యూవాన్‌ను ఆపేది దాని దారికి అడ్డొచ్చే బరువు. అందుకే కోలారులో 2.3 కిలోమీటర్ల లోతున ఉంటే దాదాపు 7 కిలోమీటర్ల నీళ్లకింద ఉన్నట్టే లెక్క. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా దిగింది. అప్పట్లో ప్రపంచంలో అంతకన్నా లోతైన గనులు చాలా కొద్ది. 1950ల మొదట్లోనే హోమీ భాభా ఈ సంగతి గమనించి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరిన యువకుడు బి.వి. శ్రీకంటన్‌ను అక్కడికి పంపారు. ఏ లోతున ఎన్ని మ్యూవాన్లు మిగులుతాయో కొలవడంతో పని మొదలైంది.

ఆ కొలతల్లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది 1960ల తొలినాళ్లది. సబురో మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి (మన చెవికి ఎంత దగ్గరగా వినిపించే పేర్లు!) పరికరాన్ని ఒక్కో అంతస్తు కిందికి దించుతూ మ్యూవాన్లను లెక్కపెట్టారు. దిగినకొద్దీ లెక్క తగ్గుతూ పోయింది. చిట్టచివరి మజిలీ 2,700 మీటర్లు దాటిన లోతు. అక్కడ పరికరాన్ని రెండు నెలలు నడిపారు. ఒక్క కణం కూడా రాలేదు.

సున్నా వస్తే ప్రయోగం పాడైందనుకోవడం మనకు అలవాటు. వాళ్లకు మాత్రం ఆ సున్నా దగ్గరే దారి తెరుచుకుంది. పైనుంచి వచ్చే మ్యూవాన్లు ఇంత లోతుకు చేరడం లేదు కాబట్టి, ఇక్కడ ఇక ఏ మ్యూవాన్ కనిపించినా అది ఇక్కడి రాతిలోనే పుట్టి ఉండాలి. రాతిలో మ్యూవాన్‌ను పుట్టించగలిగేది భూమి మొత్తాన్నీ గుచ్చుకుని పోగల న్యూట్రినో అనే కణం ఒక్కటే. కోలారు పనితనాన్నంతా నేను ఈ ఒక్క మెట్టు మీద నిలబెట్టి చూస్తాను. వాళ్లు మొదట తయారుచేసింది నిశ్శబ్దాన్ని, పరికరాన్ని ఆ తర్వాతే.

1964 చివర్లో హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర, ఆ చివరి మజిలీకి కాస్త పైన, 2.3 కిలోమీటర్ల లోతున, న్యూట్రినోల కోసం పరికరాలు పెట్టారు. టాటా సంస్థతో జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయం చేతులు కలిపాయి. పరికరాన్ని దగ్గరగా చూడండి. కణాలను పట్టే పలకలను నేలమీద పరిచినట్టు పరచలేదు, గోడల్లా నిలువుగా లేపారు. ఆరేసి చదరపు మీటర్ల ప్లాస్టిక్ సింటిలేటర్ గోడలు రెండు ఎదురెదురుగా నిలబడతాయి. మధ్య ఎడం 80 సెంటీమీటర్లు. ఎందుకంటే నెత్తిమీది రాయి మందం 2.3 కిలోమీటర్లయినా, అరవై డిగ్రీలు వాలి వచ్చే కణానికి అది రెట్టింపవుతుంది. పూర్తిగా అడ్డంగా వచ్చేదానికైతే భూమి వంపు వల్ల 170 కిలోమీటర్ల దాకా రాయే. అంత రాతిని ఏ మ్యూవానూ దాటలేదు. కనుక అడ్డంగా వచ్చి రెండు గోడలనూ దాటిన మ్యూవాన్ న్యూట్రినో పుట్టించిందే. పైనుంచి తప్పించుకు వచ్చే ఏ ఒకటో రెండో మ్యూవాన్లకు నిలువు గోడలు దాదాపు అంచు మాత్రమే చూపిస్తాయి. పరికరాన్ని నిలబెట్టడంలోనే సగం జవాబు ఉంది. అదనపు ఖర్చేమీ లేకుండా సంకేతాన్ని పెంచి రొదను తగ్గించిన ఉపాయం ఇది.

మిగతా సగం, తప్పుడు సాక్ష్యాన్ని రానివ్వకపోవడం. కణం దాటినప్పుడు ప్లాస్టిక్‌లో చిన్న మెరుపు పుడుతుంది. దాన్ని ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు చూస్తాయి. ఈ గొట్టాలు ఒక్కోసారి ఏ మెరుపూ లేకుండానే తమంతట తాము చిటపటలాడతాయి. అందుకని ఒక్కో పలకకు రెండేసి గొట్టాలు పెట్టి, ఈ గోడవి రెండూ ఆ గోడవి రెండూ కలిసి నాలుగూ ఒకేసారి పలికితేనే లెక్కలోకి తీసుకున్నారు. గోడల మధ్య సీసపు పొరలు, నియాన్ వాయువు నింపిన సన్నని గాజు గొట్టాల వరసలు ఉంటాయి. నాలుగు సాక్ష్యాలూ కుదిరిన మరుక్షణం ఆ వరసలకు అధిక వోల్టేజి దెబ్బ పడుతుంది. కణం నడిచిన దారిలోని గొట్టాలు మాత్రమే వెలుగుతాయి, చీకట్లో కెమెరా వాటిని ఫోటో తీస్తుంది. ఆ మెరుపు చుక్కలను కలిపితే కణం ఏ కోణంలో వచ్చిందో తెలిసిపోతుంది. కంప్యూటర్ తెరలు లేని రోజుల్లో, గని వేడిలో, తేమలో, వారాల తరబడి ఎదురుచూసి ఒక్క ఫోటో సంపాదించే పని అది.

1965 జులై 12న కోలారు బృందం పత్రం ఫిజిక్స్ లెటర్స్ పత్రికకు చేరింది. ఆగస్టు 15న అచ్చయింది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మనిషి చూశాడని అచ్చులో చెప్పిన మొదటి పత్రం అదే. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందం తన మొదటి సంఘటనను ఆ ఏడాది ఫిబ్రవరి 23నే నమోదు చేసుకుంది, పత్రం మాత్రం కోలారు తర్వాత రెండు వారాలకు వెలువడింది. ఈ వరస ఎవరు ముందన్న పోటీకి పనికొస్తుంది గానీ, నాకు అంతకన్నా గొప్పగా అనిపించే సంగతి వేరే ఉంది. అదే జులైలో అమెరికాలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ రేడియో యాంటెన్నాలో ఏ దిక్కుకు తిప్పినా వినిపించే సన్నని హోరు గురించి పత్రం ప్రకటించారు. వాళ్లూ పరికరంలోని ప్రతి రొదనూ ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వచ్చి, ఎంత తీసినా పోనిదేదో మిగిలిందని గుర్తించారు. అది విశ్వం తొలినాటి వేడి మిగిల్చిన కాంతి. ఒకే ఏడాది ఒకరు నేలకింద, ఒకరు నేలమీద ఒకే రకమైన పని చేశారు. ఆ రెండు పనులు త్వరలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసి వచ్చింది.

ఎలాగంటే, విశ్వం మొదట్లో అంత వేడిగా ఉండి ఉంటే, ఆ కాంతితో పాటు న్యూట్రినోలు కూడా మిగిలి ఉండాలి. లెక్క ప్రకారం ఇవాళ ప్రతి ఘన సెంటీమీటరులో 411 తొలికాంతి కణాలు, సుమారు 336 తొలి న్యూట్రినోలు ఉన్నాయి. 250 ఘన సెంటీమీటర్ల మామిడికాయ తీసుకుంటే ఏ క్షణానైనా అందులో 84,000 న్యూట్రినోలు ఉంటాయి. ఇవి కోలారు పట్టిన న్యూట్రినోల్లాంటి వడిగలవి కావు. బాగా చల్లారినవి, వీటిని ఇంతవరకు ఎవరూ నేరుగా పట్టుకోలేదు. ఇన్ని ఉన్నాయి కనుక ఒక్కోదానికి ఇసుమంత బరువున్నా విశ్వం నడక మీద దాని ప్రభావం పడాలి. 1972లో టాటా సంస్థకు చెందిన రామనాథ్ కౌశిక్, బర్క్‌లీలో జె. మెక్లెలాండ్‌తో కలిసి ఈ తర్కాన్నే పట్టుకున్నారు. విశ్వం ఇప్పుడున్న తీరు చూస్తే న్యూట్రినో బరువు 8 ఎలక్ట్రాన్ వోల్టులకు మించకూడదని తేల్చారు. ఎలక్ట్రాన్ బరువు 5 లక్షల 11 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. భూమ్మీద ఏ తక్కెడా అప్పటికి తూచలేని బరువును ఆకాశంతో తూచారన్నమాట. ఆ మరుసటి ఏడాదే, గెలాక్సీ గుంపుల్లో కనిపించని బరువు న్యూట్రినోలదేనేమో అని వాళ్లిద్దరే ప్రతిపాదించారు. కనిపించని పదార్థం ఒక కొత్త రకం కణం కావచ్చన్న ఆలోచనకు తొలి రూపాల్లో అదొకటి. న్యూట్రినోలు ఆ పనికి చాలవని తర్వాత తేలింది, ఆలోచన మాత్రం నిలిచింది.

ఇక గొట్టాల దగ్గరకు వస్తాను.

1970ల్లో కణభౌతికశాస్త్రం ఒక సాహసం చేసింది. ప్రకృతిలోని మూడు బలాలు అసలు ఒకటేనన్న సిద్ధాంతాలు వచ్చాయి. ఒడిశాలోని బారిపదలో పుట్టిన జోగేశ్ పతి, అబ్దుస్ సలాంతో కలిసి ఒకటి ప్రతిపాదించారు. 1974లో హోవార్డ్ జార్జి, షెల్డన్ గ్లాషో మరొకటి ప్రతిపాదించారు. వాటి ప్రకారం ప్రోటాన్‌కు కూడా చావుంది. దాని సగటు ఆయుష్షు 1 పక్కన 29 నుంచి 31 సున్నాలు పెడితే వచ్చినన్ని సంవత్సరాలు. విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్లు. అలాంటప్పుడు ప్రోటాన్ ఎప్పటికో చస్తే మనకేమిటి? ఇక్కడే విశ్వశాస్త్రం తలుపు తడుతుంది. మొదట్లో పదార్థం, ప్రతిపదార్థం సమానంగా పుట్టి ఉంటే ఒకదాన్నొకటి మింగేసి కాంతి మాత్రమే మిగలాలి. మిగిలిన లెక్క చూస్తే సుమారు 160 కోట్ల కాంతి కణాలకు ఒక్క ప్రోటాన్ ఉంది. ఆ ఒక్కటి ఎలా బతికి బయటపడింది? ఆ మిగులుకు ఏయే షరతులు కుదరాలో 1967లో ఆంద్రేయ్ సఖరోవ్ చెప్పాడు. అందులో మొదటిది, ప్రోటాన్ల లాంటి కణాల మొత్తం లెక్క మారడానికి వీలుండాలన్నది. తయారవడానికి దారి ఉంటే నశించడానికీ ఉంటుంది. కాబట్టి గనిలో ఒక్క ప్రోటాన్ చావును చూడగలిగితే, మామిడి రసంలోని నీటిలో ఉన్న హైడ్రోజన్ అసలు ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు అందినట్టే.

ఒక్క ప్రోటాన్ దగ్గర అన్నేళ్లు కాపు కాయలేం. కానీ చాలా ప్రోటాన్ల దగ్గర ఒక ఏడాది కూర్చోవచ్చు. నూజివీడు నుంచి బయలుదేరిన పది టన్నుల మామిడి లారీలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 6 పక్కన 30 సున్నాలంత ఉంటాయి. ఆయుష్షు 1 పక్కన 31 సున్నాల ఏళ్లయితే, ఆ లారీలో రెండేళ్ల లోపే ఒకటి నశించాలి. అయితే అదే లారీని నిమిషానికి లక్షకు పైగా మ్యూవాన్లు దాటిపోతాయి. ఆ రొదలో ఒక్క చావు ఎవరికి వినపడుతుంది? అందుకే గని, అందుకే ఇనుము.

1980లో కోలారులో 2.3 కిలోమీటర్ల లోతున ఆ పరికరం పని మొదలుపెట్టింది. ప్రోటాన్ నాశనం కోసమే కట్టి నడిపిన పరికరాల్లో ప్రపంచంలో అది మొదటిది. ఒకవైపు 4 మీటర్లు, ఒకవైపు 6 మీటర్లు, ఎత్తు సుమారు 3.7 మీటర్లు. పదేసి సెంటీమీటర్ల చదరపు కోత ఉన్న ఇనుప గొట్టాలు సుమారు 1600. వాటిని 34 వరసలుగా, ఒక వరస తూర్పు పడమరలుగా ఉంటే పైది ఉత్తర దక్షిణాలుగా అన్నట్టు దిక్కులు మార్చి పేర్చారు. వరసకూ వరసకూ నడుమ 12 మిల్లీమీటర్ల ఇనుప పలక. ఒక్కో గొట్టం మధ్యలో సన్నని తీగ, చుట్టూ ఆర్గాన్, మీథేన్ కలిపిన వాయువు. కణం గొట్టాన్ని దాటితే వాయువులో ఎలక్ట్రాన్లు విడివడి తీగ వైపు పరుగెడతాయి, దగ్గరికొచ్చేసరికి వాటి సంఖ్య వెల్లువలా పెరిగి కొలవగల సంకేతమవుతుంది. ఏ గొట్టం పలికిందో చూస్తే దారి తెలుస్తుంది. ఎంత గట్టిగా పలికిందో చూస్తే కణం వదిలిన శక్తి తెలుస్తుంది. వరసలు మార్చి పేర్చడం వల్ల రెండు వైపుల నుంచీ బొమ్మ దొరుకుతుంది.

ఇందులో నన్ను నిలబెట్టేసిన సంగతి గొట్టం గోడ. మొత్తం పరికరం బరువు 140 టన్నులు. పలకల బరువు లెక్కేస్తే అందులో సగం పైచిలుకే వస్తుంది. మిగతాది గొట్టాల ఇనుమే. అంటే కాపలా కాసే గొట్టమే తన గోడలోని ప్రోటాన్లను కూడా కాపలాకు అప్పజెప్పింది. వాయువును పట్టి ఉంచడం, నిర్మాణాన్ని మోయడం, చూడాల్సిన పదార్థాన్ని సమకూర్చడం అన్నీ ఒకే గొట్టం చేసింది. ఖరీదైన వస్తువేదీ లేదు. కిందికి వెళ్లాల్సినదంతా గని బావిలోంచి బంగారు గని పనివాళ్ల దారినే దిగింది. 140 టన్నుల్లో 8 పక్కన 31 సున్నాలంత ప్రోటాన్లు, న్యూట్రాన్లు కాపలాలో ఉన్నాయి. నేలమీద ఉండి ఉంటే ఆ పరికరాన్ని నిమిషానికి రెండు లక్షలకు పైగా మ్యూవాన్లు దాటేవి. అక్కడ రోజుకు దాటింది రెండో మూడో.

ఇంత చేసినా ఒక రొద పోదు. వాతావరణ న్యూట్రినో ఇనుములో ఎక్కడో తగిలి చిందరవందర చేస్తే అది చూడ్డానికి ప్రోటాన్ నాశనంలాగే ఉంటుంది. 1965లో వారాల తరబడి ఎదురుచూసి పట్టుకున్న ఆ న్యూట్రినోయే పదిహేనేళ్ల తర్వాత దారికి అడ్డొచ్చింది. దారి పరికరంలోపలే మొదలై లోపలే ముగిసిన సంఘటనలను మాత్రమే ఏరి, ఒక్కోదాని బొమ్మ గీసి, 1981 నుంచి కోలారు బృందం వాటిని లోకం ముందు పెట్టింది. ఇవి ప్రోటాన్ నాశనాలు కావచ్చని చెప్పింది. తర్వాత అమెరికాలో 8,000 టన్నుల నీటితో, జపాన్‌లోని కమియోకాలో 3,000 టన్నుల నీటితో కట్టిన పరికరాలు అలాంటివేవీ చూడలేదు. ఆ ఆశ నిలవలేదు. ఇవాళ కమియోకాలోనే ఉన్న ఇంకా పెద్ద పరికరం సూపర్ కమియోకాండే చెప్పే హద్దు, ఒక ముఖ్యమైన దారిలో ప్రోటాన్ ఆయుష్షు 24 పక్కన 33 సున్నాలు పెడితే వచ్చినన్ని ఏళ్లకు పైనే అని. కోలారు వాళ్లు తొందరపడ్డారని కొందరు అంటారు. నేననను. వాళ్లు తమ సంఘటనలను దాచుకోలేదు, ఏ గొట్టం ఎంత పలికిందో గీసి చూపించి ఎవరైనా కాదనడానికి వీలిచ్చారు. అనుమానం ప్రధానంగా న్యూట్రినోల మీదికే పోయింది. పనిమంతుడి పని ఇలాగే ఉంటుంది.

1985లో 2,000 మీటర్ల లోతున రెండో పరికరం, సుమారు 260 టన్నులది, తోడైంది. 1990ల మొదట్లో గని అంతస్తులు మూతపడుతుండగా ప్రయోగాలు ఆగాయి. 2001లో గనులే మూతపడ్డాయి. ఈలోగా అడ్డొచ్చిన న్యూట్రినో మళ్లీ తిరగబడింది. ప్రోటాన్ కోసం ఎదురుచూస్తున్న జపాన్ బృందమే, 1998లో సూపర్ కమియోకాండేతో, భూమి అవతలి నుంచి వచ్చే వాతావరణ న్యూట్రినోలు రకం మార్చుకుంటున్నాయని చూపించింది. అలా మారాలంటే బరువుండాలి. 2015లో తకాకి కజితాకు నోబెల్ బహుమతి వచ్చింది ఇందుకే.

ఇప్పుడు మిగిలిన ప్రశ్న మూడు రకాల్లో ఏది బరువు, ఏది తేలిక అన్నది. దీనికి కూడా రెండు తక్కెడలున్నాయి. ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన తొలికాంతి, గెలాక్సీలు పరుచుకున్న తీరు కలిపి చూస్తే మూడింటి బరువూ కలిపి 0.12 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు. కౌశిక్ చెప్పిన 8 నుంచి ఇంతదాకా వచ్చింది లెక్క. బరువుల వరస ఒక రకమైతే మొత్తం కనీసం 0.06 ఉండాలి, తలకిందులైతే కనీసం 0.1. ఇటీవలి కొలతల్లో హద్దు ఆ రెండో అంకె కిందికి కూడా దిగింది. భూమ్మీద ఈ వరసను తేల్చడానికి తమిళనాడులో తేని దగ్గర కొండకింద 50,000 టన్నుల ఇనుప పరికరం కట్టాలని తలపెట్టారు. పలకా, కణాలను పట్టే పొరా, మళ్లీ పలకా, ఇలా 150 వరసలు. కోలారు గొట్టాల దగ్గర పనిచేసిన నబకుమార్ మండల్ దానికి ఏళ్లపాటు నాయకత్వం వహించారు. 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. స్థానికుల వ్యతిరేకత, అనుమతుల చిక్కులతో పని ముందుకు సాగలేదు. మదురైలో 85 టన్నుల నమూనా మాత్రం కట్టి నడిపారు. ఆకాశం నుంచి వచ్చే కొలత ఏటేటా సన్నబడుతోంది. దానికి జోడీగా మన ఇనుము ఇవ్వాల్సిన కొలత కోసం ఆ కొండను ఇంకా తవ్వనేలేదు.